కాంక్రీటు పంపులో కారేవి వేరు, పేలేవి వేరు

స్లాబ్ ముందు రాత్రి సైటులో ఎవరికీ సరిగ్గా నిద్ర ఉండదు. తెల్లవారుజామున ఐదింటికి మొదటి మిల్లర్ (కాంక్రీటు తెచ్చే లారీ) వచ్చి గేటు దగ్గర నిలబడుతుంది, ఈలోగా పంపు సిద్ధం కావాలి. హైదరాబాద్ పడమటి వైపు ఒక టవర్ సైటులో అలాంటి ఒక రాత్రి, పంపు హెల్పర్ ఒక బెండు, అంటే పైప్‌లైన్ వంపు ముక్క, మోసుకొచ్చి నా ముందు దించాడు. దాని బయటి వంపు మీద అగ్గిపెట్టెంత ఇనుప రేకు పెట్టి, చుట్టూ వెల్డింగ్ కొట్టి ఉంది. "ఆటోనగర్‌ల చేయించినం సార్. మొన్నటి స్లాబ్ మొత్తం దీంతోనే అయింది. ఈ ఒక్కటి కూడా లాగుతది" అన్నాడు.

సుత్తి తీసుకుని అతుకుకు జానెడు దూరంలో తట్టాను. మందం ఉన్న పైపు గంటలా మోగుతుంది. ఇది ఖాళీ డాల్డా డబ్బాలా పలికింది. అతుకు వైపు జరుగుతూ ఇంకో రెండు దెబ్బలు వేశాను. మూడో దెబ్బకు సుత్తి మొన లోపలికి దిగిపోయింది. కుర్రాడు కాసేపు ఆ చిల్లు వైపే చూసి, బెండును ఎత్తి పక్కన పెట్టేశాడు.

అదే రాత్రి, అదే పంపుకు, అదే వెల్డర్ చేసిన ఇంకో పనికి మాత్రం సరేనన్నాను. హాపర్ (కాంక్రీటు పోసే తొట్టి) లోపలి ఎస్ వాల్వ్ మూతి దగ్గర అరిగితే, హార్డ్ ఫేసింగ్ (అరుగుదల ఆపే గట్టి పూత వేసే) రాడ్‌తో పొర మీద పొర పోసి నింపాడు. "దానికి సరే అని దీనికి కాదంటారేంది సార్, రెండూ వెల్డింగే గదా" అని ఆపరేటర్ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఏది బాగు చేసుకోవాలి, ఏది పారేసి కొత్తది వేయాలి అన్న చర్చ మన దగ్గర ఎప్పుడూ డబ్బు దగ్గర మొదలై డబ్బు దగ్గరే ముగుస్తుంది. నేను వేరే చోట మొదలుపెడతాను: ఈ భాగం చెడిపోతే ఎలా చెడిపోతుంది? కొన్ని కారుతూ, మూలుగుతూ, రోజుల తరబడి చెప్పి చెప్పి చెడతాయి. కొన్ని ఒక్క క్షణంలో పేలిపోతాయి. మొదటి రకాన్ని బాగు చేసుకోవచ్చు. రెండో రకానికి వెల్డింగ్ రాడ్ తగలకూడదు.

ఇది అర్థం కావాలంటే పంపు పొట్టలోకి ఒకసారి చూడాలి. రెండు పెద్ద సిరంజీలు పక్కపక్కన పడుకోబెట్టినట్టు రెండు సిలిండర్లు ఉంటాయి. ఒకటి హాపర్ నుంచి కాంక్రీటు పీల్చుకుంటుంటే రెండోది నెడుతుంటుంది. నెట్టే సిలిండర్ ముందుకు ఎస్ ఆకారపు గొట్టం (అదే ఎస్ వాల్వ్) ఊగి వచ్చి అతుక్కుంటుంది, ఆ గొట్టం రెండో చివర నుంచి కాంక్రీటు పైప్‌లైన్‌లోకి పోతుంది. స్ట్రోకు మారిన ప్రతిసారీ గొట్టం అటూ ఇటూ ఊగాలి. సిలిండర్ల నోళ్ల దగ్గర ఉండేది వేర్ ప్లేట్, ఎస్ గొట్టం మూతికి ఉండేది కటింగ్ రింగ్. ఈ రెండూ రాళ్లను కోసుకుంటూ ఒకదాని మీద ఒకటి జారుతుంటాయి. పంపులో అన్నిటికంటే ముందు అరిగేవి ఇవే.

రింగుకు, ప్లేటుకు మధ్య సందు పెరిగితే ఎవరికీ ప్రమాదం లేదు. సందులోంచి సిమెంటు పాలు కారి మళ్లీ హాపర్‌లోకే పోతాయి. కానీ పాలు పోయాక పైపులో మిగిలేది కంకర, ఇసుక. అది జారదు, జామ్ అవుతుంది. జామ్ అయిన ప్రతిసారీ మనవాళ్లు కాంక్రీటు ప్లాంటు వాళ్లను తిడతారు, "స్లంప్ (జారుడు) లేదు, మిక్స్ బాగోలేదు" అని. సగం సార్లు దోషి హాపర్‌లోనే కూర్చుని ఉంటుంది. ఎస్ వాల్వ్ షాఫ్టు వెనక ఉన్న నట్టు బిగిస్తే సందు మూసుకుంటుంది. బిగించడానికి ఇక మర లేనప్పుడు రింగు మార్చాలి. ఒకే పక్క ఎక్కువ అరిగి ఉంటే, కొన్ని మోడళ్లలో రింగును తిప్పి వేసుకుని ఇంకొంత కాలం నడపవచ్చు. రింగు అంచున ఉండే కార్బైడ్ గట్టిదే కానీ గాజులాంటిది. దాన్ని ఇనుప సుత్తితో కొట్టి ఊడదీస్తే పెచ్చులు లేచి కంట్లో పడతాయి. ఆ అంచు మీద మామూలు రాడ్‌తో పోత పోస్తే నిలవదు. రింగును సమయానికి మార్చకపోతే ప్లేటు గాడి పడుతుంది, ఆ తర్వాత ఎస్ వాల్వ్ మూతి తినుకుపోతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి అంటారే, అదే.

పిస్టన్ల సంగతి వాటర్ బాక్స్ చెబుతుంది. హైడ్రాలిక్ సిలిండర్లకు, కాంక్రీటు సిలిండర్లకు మధ్య ఉండే ఆ నీళ్ల తొట్టి పంపుకు నాడి లాంటిది. పంపు పనిలో ఉండగా నీళ్లు బూడిద రంగుకు తిరుగుతుంటే పిస్టన్ రబ్బరు అరిగి సిమెంటు వెనక్కి వస్తోందని అర్థం. నీటి మీద నూనె తెట్టు కడితే హైడ్రాలిక్ రాడ్డు సీలు పోయింది. అటు హైడ్రాలిక్ ట్యాంకులో నూనె పాలలా తెల్లబడితే నీళ్లు అందులోకి చేరాయి. పిస్టన్లను జతగా మార్చడం మేలు. ఒక్కటే మారిస్తే రెండు స్ట్రోకులూ ఒకేలా నెట్టవు. సిలిండర్ లోపల హార్డ్ క్రోమ్ పూత ఉంటుంది, మందం దాదాపు పావు మిల్లీమీటరు. అది చారలు పడి లేచిపోతే ఎన్ని కొత్త పిస్టన్లు వేసినా నాలుగు రోజులే. సిలిండర్‌కు మళ్లీ క్రోమ్ వేయించడం మంచి రిపేరే, కాకపోతే ఆ పని తెలిసిన చోట చేయించాలి.

ఇక ఎస్ వాల్వ్ మీద పోత. నేను ఒప్పుకున్నది ఇదే, కానీ దీనికీ ఒక మెలిక ఉంది. వెల్డర్ ముందు లోహం ఏదో తెలుసుకోవాలి. ఒక అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే అది మాంగనీస్ స్టీలు కావచ్చు. మాంగనీస్ స్టీలుకు వేడి పడదు, వెల్డింగ్ చేసేటప్పుడు 260 డిగ్రీల సెల్సియస్ దాటితే పెళుసుబారుతుంది. చిన్న చిన్న కుట్లు వేస్తూ, చల్లారనిస్తూ పోవాలి. అయస్కాంతం గట్టిగా అంటుకునే అల్లాయ్ స్టీలుకు చాలావరకు దీనికి విరుద్ధం, ముందే వేడి చేసి మొదలుపెట్టకపోతే పగుళ్లు వస్తాయి. ఒకదానికి మందైంది ఇంకోదానికి విషం. ఈ తేడా అడిగి చేసే వెల్డర్ దొరికితే వదులుకోకండి. వెల్డింగ్ ఎర్త్ క్లాంపును పని చేసే చోటికి దగ్గరగా పెట్టండి, లేదంటే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని తినేస్తుంది. బూమ్ బండి (మడత చేతి మీద పైపును పైకెత్తి పట్టే పంపు లారీ) అయితే బ్యాటరీ, కంట్రోల్ బోర్డు ముందే విప్పాలి.

ఇంతవరకూ చెప్పినవన్నీ కారేవి. చెడిపోతే పని ఆగుతుంది, కాంక్రీటు వృథా అవుతుంది, స్లాబ్‌లో పాత కాంక్రీటుకు, కొత్తదానికి మధ్య జాయింటు పడుతుంది, నలుగురి చేత మాట పడాలి. అంతకుమించి లేదు.

పైప్‌లైన్ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. మన సైట్లలో ఎక్కువగా వాడేది 125 మి.మీ. పైపు. బూమ్ పంపుల్లో సాధారణంగా 85 బార్ వరకు ఒత్తిడి వస్తుంది (ఒక బార్ అంటే ఇంచుమించు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). ఆ పైపు నోటిని ఎవరైనా చేత్తో మూయగలరా అని లెక్క వేస్తే, 10 టన్నుల పైన బలం కావాలి. అంత బలాన్ని గోడల మధ్య పట్టి ఉంచుతున్నది నాలుగు మిల్లీమీటర్ల ఇనుము. 85 బార్ దగ్గర ఆ గోడలో ప్రతి చదరపు మిల్లీమీటరు మీద సుమారు 13 కిలోల లాగుడు పడుతుంది. గోడ అరిగి రెండు మిల్లీమీటర్లకు వస్తే అది 27 కిలోలు. ఒకటిన్నరకు వస్తే 36. మామూలుగా ఇలాంటి పైపులకు వాడే ఉక్కు సాగడం మొదలుపెట్టేది ఇంచుమించు అక్కడే. ఇది నిలకడగా ఉన్న ఒత్తిడికి లెక్క. పంపు మాత్రం ప్రతి స్ట్రోకుకూ సమ్మెట వేసినట్టు కొడుతుంది.

ఎత్తు పెరిగితే ఇంకా కష్టం. ప్రతి 10 మీటర్ల ఎత్తుకు కాంక్రీటు సొంత బరువే దాదాపు 2.4 బార్ కలుపుతుంది, రాపిడి దానికి అదనం. దుబాయ్ బుర్జ్ ఖలీఫాకు 2008లో 606 మీటర్ల ఎత్తుకు పంపు కొట్టినప్పుడు బరువు వల్ల వచ్చిన ఒత్తిడే 140 బార్ దాటి ఉంటుంది. మన ఊళ్లో యాభై అంతస్తుల టవర్లు లేస్తున్నాయి. కానీ వాటి కింద లైన్లు మాత్రం ఇంకా ఐదంతస్తుల నాటి అలవాట్లతోనే పరుస్తున్నాం.

ఇప్పుడు ఆ అతుకు బెండు దగ్గరికి వద్దాం. చిల్లు పడిందంటే ఆ ఒక్క చోటే అరిగిందని కాదు. చుట్టూ జానెడు మేర గోడ పలచబడింది, అందులో అన్నిటికంటే బలహీనమైన చోట బయటపడిందంతే. చివికిన గుడ్డకు మాటు వేస్తే మాటు పక్కనే చిరుగుతుంది కదా, ఇదీ అలాగే. పైగా వెల్డింగ్ వేడికి పక్క లోహం గుణం మారిపోతుంది. ఈ మధ్య వాడే రెండు పొరల పైపుల్లో లోపలి పొర బాగా గట్టిపరిచినది, బయటిది సాగేది. బయట రాడ్ పెడితే లోపలి పొర బీటలు వారుతుంది, అది పైనుంచి కనిపించదు. వెల్డర్ చెయ్యి ఎంత మంచిదైనా ఇక్కడ చేయగలిగింది ఏమీ లేదు, తప్పు చేతిలో లేదు మరి.

అయితే పైపుల విషయంలో రిపేరుకు, మార్పిడికి మధ్య మూడో దారి ఒకటుంది. అదే తిప్పడం, చోటు మార్చడం. నేల మీద పరిచిన పైపు అడుగు భాగం ఎక్కువ అరుగుతుంది. కొన్ని స్లాబులకు ఒకసారి పావు వంతు తిప్పి వేస్తే ఆయుష్షు పెరుగుతుంది. ఒత్తిడి పంపు దగ్గర ఎక్కువ, దూరం పోయేకొద్దీ తగ్గుతుంది. అందుకని కొత్త పైపులు పంపు పక్కన, కాస్త అరిగినవి చివర వేసుకోవాలి. తయారీదారు పుస్తకంలో ఏ ఒత్తిడికి ఎంత మందం తగ్గకూడదో పట్టిక ఉంటుంది, పైపు దాని కంటే తగ్గితే చివర కూడా పనికిరాదు. మందం చూసే అల్ట్రాసోనిక్ మీటరు చేతిలో ఇమిడేంత ఉంటుంది. రెండు పొరల పైపుల మీద మాత్రం దాన్ని గుడ్డిగా నమ్మకూడదు, శబ్దం పొరల మధ్య నుంచే వెనక్కి తిరిగి బయటి పొర మందం ఒక్కటే చూపించవచ్చు. పైపు విప్పి, టార్చి వేసి లోపలికి చూడాల్సిందే. సుత్తి శబ్దం అనుమానం రేపడానికే పనికొస్తుంది, సర్టిఫికెట్ ఇవ్వడానికి కాదు. సుత్తి పెట్టే ముందు లైనులో ఒత్తిడి లేదని చూసుకోవాలి, ఇది వేరే చెప్పాలా!

బూమ్ మీది పైపుల్లో ఇంకో పొరపాటు జరుగుతుంది. "మందం ఎక్కువ ఉంటే ఇంకా మంచిదేగా" అని నేల లైను పైపులు తీసి బూమ్‌కు బిగిస్తారు. కాంక్రీటుతో నిండిన పైపు ఇంత బరువు అని లెక్క కట్టి బూమ్‌ను తయారు చేశారు. ఆ బరువు పెరిగితే బూమ్ కీళ్ల మీద, కింద అవుట్‌రిగ్గర్ల (బండిని నిలబెట్టే పక్క కాళ్ల) మీద భారం పడుతుంది. మంచి చేయబోయి బండిని బోల్తా కొట్టించే పని ఇది.

పైపుల్ని కలిపి పట్టే క్లాంపుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సుత్తితో కొడితే తప్ప మూసుకోని క్లాంపు, పిన్ను బదులు బైండింగ్ వైరు చుట్టిన క్లాంపు, చెవి వంగితే నిప్పుల్లో కాల్చి సరిచేసిన క్లాంపు, ఇవన్నీ తుక్కు కిందికే. పైపు కాలర్లు (క్లాంపు పట్టుకునే చివరి అంచులు) రకరకాలుగా ఉంటాయి. ఒక రకం కాలర్‌కు ఇంకో రకం క్లాంపు పడుతుంది కానీ పట్టదు. అరిగిపోయే భాగాల్లో లోకల్ సరుకు వేసుకుంటే నేను అభ్యంతరం చెప్పను, తక్కువ రోజులు వస్తుందంతే. క్లాంపు, బూమ్ పైపు, హైడ్రాలిక్ హోస్ దగ్గర మాత్రం లోకల్ మాటే వద్దు.

చివరి రబ్బరు హోస్ పక్కన నిలబడేది మనిషి. దాని తీగలు బయటికి కనిపించాయంటే మార్చేయాలి, టేపు చుట్టడం లేదు. లైనులో గాలి ఎందుకంత ప్రమాదమో చాలామందికి తెలియదు. కాంక్రీటు నలగదు, పైపు పగిలిన మరుక్షణం దాని ఒత్తిడి చాలావరకు పడిపోతుంది. గాలి స్ప్రింగులా నలిగి కూర్చుంటుంది. జామ్ వెనక గాలి చిక్కి, ఆ జామ్ హఠాత్తుగా వదిలితే హోస్ తోక తొక్కిన పాములా విసురుతుంది, ఎదురుగా ఉన్న మనిషిని సెంట్రింగ్ మీద నుంచి కింద పడేస్తుంది. అందుకే పంపు మొదలుపెట్టేటప్పుడు, ఆగి మళ్లీ నడిపేటప్పుడు, చివర్లో గాలి పెట్టి లైను కడిగేటప్పుడు హోస్ దగ్గర ఎవరూ ఉండకూడదు. హాపర్ ఖాళీ అయ్యేదాకా లాగడం కూడా లైనులోకి గాలిని పిలవడమే. మన భవన నిర్మాణ కార్మికుల కేంద్ర నిబంధనలు 1998లో వచ్చాయి. పంపు పైపును చివర, ప్రతి వంపు దగ్గరా గట్టిగా బిగించాలని, పంపు చుట్టూ పనిచేసేవాళ్లు కళ్లద్దాలు పెట్టుకోవాలని అవి ఎప్పుడో చెప్పాయి. వంపు దగ్గర కట్టు తెగిన పైపు ప్రతి స్ట్రోకుకూ ఊగుతుంది, ఊగే పైపు క్లాంపును తింటుంది.

బూమ్ ఇనుము గురించి ఒకే మాట. అది మామూలు ఛానల్ ఇనుము కాదు, బలం ఎక్కువ, బరువు తక్కువ ఉండే ప్రత్యేకమైన ఉక్కు. పెయింటు మీద వెంట్రుకంత గీత, దాని వెంట తుప్పు కారిన మరక కనిపిస్తే బూమ్ మడిచేసి డై టెస్ట్ చేయించాలి. ఎర్ర రంగు చల్లి, తుడిచి, తెల్ల పొడి కొడితే పగులు ఎర్రగా బయటపడుతుంది. పగులు ఉంటే కంపెనీ చెప్పిన పద్ధతిలో, అర్హత ఉన్న వెల్డరే ముట్టుకోవాలి. షెడ్డు వెల్డింగ్ పగులును మూస్తుంది, దాని పక్కన ఇంకో పగులు పుట్టిస్తుంది. హైడ్రాలిక్ హోస్‌లకూ అంతే. సూది మొనంత చిల్లులోంచి వచ్చే నూనె చర్మాన్ని కోసుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినట్టే ఉంటుంది. గంటల్లో చెయ్యి వాచి ఆపరేషన్ దాకా పోతుంది. లీకు ఎక్కడుందో అట్టముక్క పెట్టి వెతకాలి, చేత్తో తడమకూడదు. అలాంటి దెబ్బ తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పోయి, హైడ్రాలిక్ నూనె లోపలికి పోయిందని డాక్టరుకు చెప్పాలి.

ఇంతా చేసి, నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది పైపు కాదు. రింగు మార్చడం లాంటి చిన్న రిపేరు. ఎస్ గొట్టం రెప్పపాటులో ఊగాలి కాబట్టి దానికి కావలసిన బలాన్ని అక్యుములేటర్ అనే నైట్రోజన్ సీసాలో దాచి ఉంచుతారు. ఇంజిను ఆపేసినా, తాళం తీసి జేబులో వేసుకున్నా ఆ బలం అక్కడే ఉంటుంది. హాపర్‌లో చెయ్యి పెట్టినవాడికి పంపు చచ్చినట్టే కనిపిస్తుంది. పైన ఎవరో లివర్ కదిపితే, ఇరుక్కున్న రాయి జారితే గొట్టం ఒక్క ఊపు ఊగుతుంది. రాళ్లను కోసే అంచు అది, వేళ్లు దానికి లెక్క కాదు. ఈ పనిలో ఉన్నవాళ్లకు వేళ్లు పోయిన మనిషి ఎవరో ఒకరు తెలిసే ఉంటారు.

కాబట్టి ఇంజిను ఆపాలి, తాళం పని చేసేవాడి జేబులోనే ఉండాలి, అక్యుములేటర్ వదిలే వాల్వు తిప్పి గేజీ ముల్లు సున్నాకు వచ్చేదాకా చూడాలి. ముల్లు సున్నా దగ్గర ఉందని ఇంకొకరు కూడా చూసి చెప్పాక హాపర్ మీది ఇనుప జాలి ఎత్తాలి. జాలి ఎత్తగానే లోపల కాంక్రీటును కలిపే రెక్కలు ఆగేలా ఒక స్విచ్ ఉంటుంది. దాన్ని వైరుతో కట్టేసిన పంపులు ఎన్ని చూశానో. "మాటిమాటికి ఆగిపోతాంది సార్" అంటారు. అది ఆగడానికే పెట్టారు నాయనా! వాటర్ బాక్స్ మూత విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి, పిస్టన్ రాడ్లు లోపల మనిషిని చూసి ఆగవు. అక్యుములేటర్‌లో గ్యాస్ తగ్గితే నైట్రోజనే నింపాలి. వెల్డింగ్ కోసం పక్కనే ఉంది కదా అని ఆక్సిజన్ పెడితే, నూనెతో కలిసి అది బాంబు. ఆ సీసాకు ఎక్కడా రాడ్ తాకించకూడదు కూడా.

జామ్ తీసేటప్పుడు రెండు మూడు స్ట్రోకులు రివర్స్ కొట్టి ఒత్తిడి దింపకుండా క్లాంపు విప్పకూడదు. విప్పేవాడు పక్కకు నిలబడాలి, మొహం జాయింటుకు ఎదురుగా పెట్టకూడదు. ఇదంతా ప్రతి ఆపరేటర్‌కూ తెలుసు. వెనక ఆరు మిల్లర్లు హారన్ కొడుతుంటే, పైన ఇంజినీరు ఫోన్‌లో అరుస్తుంటే తెలిసిన సంగతే మరిచిపోతారు. పంపు ఆపే అధికారం ఆపరేటర్‌కు ఉందని స్లాబ్ మొదలవక ముందే, అందరి ఎదుటా చెప్పి పెట్టడం నాకు అలవాటు. పైపుల మందం కూడా స్లాబ్ ముందు రాత్రి చూడను, స్లాబ్ అయిన మర్నాడు చూస్తాను. ముందు రాత్రి మీటరు ఏ అంకె చూపించినా "కానిద్దాం" అనే అనిపిస్తుంది. మర్నాడైతే కొత్త పైపు తెప్పించడానికి వారం రోజులు చేతిలో ఉంటాయి.

ఆ రాత్రి బెండు సంగతి చెప్పలేదు కదూ. పక్క సైటు నుంచి కొత్తది తెప్పించేసరికి మూడయింది. మొదటి మిల్లర్ గంట ఆలస్యంగా దింపాం, నాకు పడాల్సిన చీవాట్లు పడ్డాయి. పాత బెండును మాత్రం మర్నాడు నా ఎదుటే గ్యాస్ కట్టర్‌తో అడ్డంగా రెండు ముక్కలు చేయించి తూకానికి వేశాను. ముక్కలు చేయకుండా వదిలిన బెండు ఎక్కడికీ పోదు. చిల్లు మీద ఇంకో రేకు, రేకు మీద పసుపు పెయింటు వేసుకుని నెల తిరక్కుండా ఇంకెవరి లైనులోనో తేలుతుంది.